కొత్త రంగు సీసా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లో తెలుసు, మా ల్యాబ్‌లో తెలుసు, మాకు సీసాలూ సూదులూ సప్లై చేసే అబ్బాయికి అందరికంటే బాగా తెలుసు. ఆ రోజు మాత్రం అది మరీ పొద్దున్నే, పళ్ళు తోముకునే వేళకే మొదలైంది. వాష్‌బేసిన్ నిండా ఎర్రటి నురగ.

"ఏమే పిచ్చుకా! ఇది బేసినా, మాంసం కొట్టా? ఉమ్మేశాక కాసిని నీళ్ళు పోయడానికి కూడా చేతులు రావా నీకు?" అని వంటింటికి వినపడేలా అరిచాను.

"పోశాను వదినా. మళ్ళీ వచ్చింది," అంది పిచ్చుక నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

పిచ్చుక మా ఆయన చెల్లెలు. ఆయనకంటే బాగా చిన్నది. తల్లీ తండ్రీ పోయాక ఆయనే రెండు జడలు వేసి, డబ్బా కట్టిచ్చి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళి పెంచాడు. గ్యారేజీలో ఇంజిన్లు విప్పే ఆ చేతులు రిబ్బన్లు ఎలా కట్టాయో నాకిప్పటికీ అర్థం కాదు. ఇప్పుడది బడిలో సైన్సు టీచరు. ఒక్క క్షణం నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో దాని పేరు పిచ్చుక. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ మా ఇద్దరికీ పొద్దున్న ఒక తగువు, సాయంత్రం ఒక తగువు. ఏ పూటైనా తగువు లేకపోతే మా ఆయన కంగారుపడి "ఏంటి, ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగేవాడు.

ఆ రోజు దాని క్లాసులో పాఠం రక్తం. ఏ పాఠమైనా ముందు మా మీద ప్రయోగించి చూసుకోవడం దాని అలవాటు. టిఫిన్ పళ్ళెం ముందు పెట్టుకుని, ఒక ముద్దయినా నోట్లో పెట్టకుండా, వాళ్ళన్నకి చెప్పడం మొదలుపెట్టింది.

"రక్తమంటే వట్టి ఎర్రనీళ్ళు కాదన్నయ్యా. సగం కంటే ఎక్కువ పసుపుపచ్చటి నీరే. దాన్ని ప్లాస్మా అంటారు. తిన్న తిండిలో సారం, ఉప్పు, ఒంట్లో వేడి, ఒంట్లో చెత్త, అన్నీ అందులోనే ప్రయాణం. ఆ నీటిలో మూడు రకాల పనివాళ్ళుంటారు. ఎర్రవాళ్ళు మోతగాళ్ళు. ఊపిరితిత్తుల దగ్గర గాలి ఎత్తుకుని ఒళ్ళంతా పంచొస్తారు. తెల్లవాళ్ళు కాపలావాళ్ళు. బయటి నుంచి ఏ పురుగొచ్చినా పట్టుకుని మింగేస్తారు. మూడోవాళ్ళు మరీ చిన్నవాళ్ళు. ఎక్కడ గాయమైతే అక్కడికి పరిగెత్తి చిల్లు పూడుస్తారు. వాళ్ళు అతుకులవాళ్ళు."

"వీళ్ళకి సెలవులేమైనా ఉన్నాయా?" అన్నాడు ఆయన.

"మోతగాళ్ళు నాలుగు నెలలు మోసి మోసి పోతారు. ఎముకల లోపల మూలుగలో కొత్తవాళ్ళు పుడుతూనే ఉంటారు."

"అతుకులవాళ్ళేంటే, పాత గొడుగులు బాగు చేసేవాళ్ళలాగా? పుస్తకంలో ఫలకికలని ఉందిగా," అన్నాను నేను.

"ఫలకికలంటే పిల్లలకి నిద్రొస్తుంది వదినా. నువ్వు పాఠం చెప్తే అందరూ పారిపోతారు, అందుకే నిన్ను సూదులు పొడవడానికి పెట్టారు."

చెయ్యెత్తబోయి ఆగాను. దాని మోచేతి పైన అరచేతి వెడల్పున నల్లగా కమిలి ఉంది.

"ఇదేంటే?"

"బెంచీ తగిలింది."

"మొన్న మోకాలికి తలుపు తగిలింది. అంతకుముందు నడుముకి బల్ల తగిలింది. ఇంట్లో సామానూ బళ్ళో సామానూ పని గట్టుకుని నీ మీదికి నడిచొస్తున్నాయా? కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తావు? బడి నుంచి రావడం, చెప్పులు విడిచీ విడవకముందే మంచమెక్కడం. ఏం పని చేసి అలిసిపోతున్నావే అంత?"

అది నవ్వేసింది. ఆయనా నవ్వాడు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

"క్లాసవగానే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాలే. వెనక పన్ను పుచ్చిందట, తీసేస్తానన్నాడు. చిగుళ్ళు చిగుళ్ళు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నావుగా," అంటూ లేచి నా భుజం పట్టుకుంది. "వదినా, మంచి వదినా. ఒక స్లయిడు చేసివ్వవూ? పుస్తకంలో బొమ్మ చూపిస్తే ఏం లాభం? నా రక్తమే చూపిస్తాను. టీచరు ఒంట్లో ఏముందో చూడండర్రా అంటే ఒక్కళ్ళు కిక్కురుమనరు."

పని పడితేనే నేను మంచి వదినని. గొణుక్కుంటూనే దాన్ని వెంటపెట్టుకుని బయల్దేరాను.

మా ల్యాబ్ పెద్దాసుపత్రి కింది అంతస్తులో ఉంటుంది. దాని బడి అక్కడికి రెండు వీధుల అవతల. మేం వెళ్ళేసరికి కిటికీ ముందు అప్పుడే జనం వరస కట్టారు. లోపల బల్ల మీద కొత్త రంగు సీసా మూత విప్పకుండా ఉంది. పాత సీసా ముందురోజే అడుగంటింది.

ఈ రంగు సంగతి కొంచెం చెప్పాలి. రక్తం చుక్కని గాజుపలక మీద పల్చగా పూసి ఆరబెట్టి చూస్తే ఏమీ కనపడదు. దాని మీద రంగు వేస్తేనే ఎర్రకణాలు గులాబీ రంగులో, తెల్లకణాల నడిమి కేంద్రకం ఊదా రంగులో విడివిడిగా తేలతాయి. రంగు బాగా లేకపోతే ఎంత అనుభవమున్న కంటికైనా అంతా అయోమయమే. అందుకని మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. కొత్త సీసా విప్పగానే రోగుల స్లయిడ్లు దాంట్లో ముంచకూడదు. ముందు మన వేలు మనమే పొడుచుకుని, మన రక్తం మీద వేసి చూసుకోవాలి. మన రక్తాన్ని ఏళ్ళ తరబడి చూసి ఉంటాం కాబట్టి, తేడాగా కనిపిస్తే ఆ తప్పు రంగుదే. మా సీనియర్ టెక్నీషియన్ పెట్టిన పద్ధతి ఇది. ఆయన్ని అందరం గురువుగారు అంటాం.

ఆ రోజు గురువుగారు ఇంకా రాలేదు. కిటికీ ముందు జనం తోసుకుంటున్నారు. పిచ్చుక గడియారం చూస్తూ గంతులేస్తోంది. ఎలాగూ దీని వేలు పొడవాలి కదా, మళ్ళీ నా వేలెందుకు అనుకున్నాను. ఆ ఒక్క తొందర పనికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను.

వేలు పొడిచి రెండు స్లయిడ్లు పూశాను. ఒకటి పగిలితే ఇంకొకటి ఉండాలని ఎప్పుడూ రెండు పూయడం నా అలవాటు. దూది ఇచ్చి నొక్కి పట్టుకోమన్నాను. ఒక స్లయిడుకి రంగు వేసి, కాసేపుంచి, కడిగి, ఆరబెట్టాను. అప్పటికీ అది దూది మారుస్తూనే ఉంది.

"గట్టిగా నొక్కవే. ఆ మాత్రం బలం లేదా ఒంట్లో?"

"నొక్కుతూనే ఉన్నా వదినా. నీ సూదే మొద్దుది. పిండి దంచినట్టు పొడిచావు."

మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. చూడగానే ఒళ్ళు మండింది. తెల్లకణాల నిండా ఊదా రంగు గింజలు. లోపలి కేంద్రకం అంచు ఎక్కడో కూడా తెలియనంతగా కప్పేసి ఉన్నాయి. రంగుని వడకట్టకుండా సీసాలకెత్తితే అడుగున మడ్డి దిగుతుంది. ఆ మడ్డి కణాల మీద పడితే అచ్చం ఇలాగే గింజలు పోసినట్టు కనిపిస్తుంది. తెల్లకణాలు కూడా ఉండాల్సిన వాటికంటే ఎక్కువే కనిపించాయి. అదీ నాకు వింత అనిపించలేదు. చేతి తొందరలో పూత పూస్తే పెద్ద కణాలన్నీ పూత చివరికి కొట్టుకొచ్చి గుంపు కడతాయి. నేను చూస్తున్నది ఆ చివరే.

"ఛీ, దరిద్రపు రంగు! మడ్డి మడ్డిగా ఉంది. ఉండవే, వడకట్టి ఇంకోటి చేసిస్తాను."

"అంతసేపు కూర్చుంటే గంట కొట్టేస్తారు. ఏదీ, నన్ను చూడనీ." అది నన్ను జరిపి కన్ను పెట్టింది. "అబ్బ! ఎంతమంది కాపలావాళ్ళో! బ్రహ్మాండంగా ఉంది వదినా. మడ్డి సంగతి పిల్లలకేం తెలుస్తుంది?"

స్లయిడుని చిన్న డబ్బాలో పెట్టుకుని, వేలికి దూది చుట్టుకుని, వెళ్ళేముందు నా బుగ్గ గిల్లి మరీ పోయింది.

నేను ఫోను తీశాను. సప్లై అబ్బాయి ఎత్తీ ఎత్తకముందే వాయించేశాను. "ఏమయ్యా, ఇది రంగా, బురదా? వడకట్టే గుడ్డ కూడా కరువైందా మీ కంపెనీలో? ఇలాంటిది మనుషుల ప్రాణాల మీదికి అమ్ముతారా?"

"అక్కా, ఒక్క మాట వినక్కా. ఇదే పెట్టెలోవి నిన్న ఇంకో రెండు ల్యాబుల్లో ఇచ్చాను. బాగుందన్నారు."

"వాళ్ళకి కళ్ళు లేవేమో!"

అప్పుడే గురువుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికొచ్చారు. నేను ఫోను పెట్టేసేదాకా ఆగి, "ఎవరి వేలు?" అని అడిగారు.

"మా పిచ్చుకది. ఎలాగూ దానికి స్లయిడు కావాలంటేనూ..."

"నీది పెట్టి చూడమ్మాయ్. తిట్లెక్కడికీ పోవుగా, తర్వాతైనా తిట్టొచ్చు."

ఆయన మీద కూడా కోపం వచ్చింది. వరసలో అంతమంది ఉండగా పద్ధతులు పట్టుకుని వేలాడతారేంటి అనుకున్నాను. అయినా ఆయన మాట కాదనలేక నా వేలు పొడుచుకుని, పూత పూసి, అదే సీసాలోంచి అదే రంగు వేశాను. ఆరేలోపు వేలి మీద దూది తీసి చూస్తే నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది.

కన్ను పెట్టాను. గులాబీ రంగు బిళ్ళలు, మధ్యలో కాస్త పాలిపోయి, పక్కపక్కనే. వాటి మధ్య అక్కడక్కడా ఒక తెల్లకణం. లోపల కేంద్రకం మూడు ముక్కలుగా, శుభ్రంగా. ఎర్రకణాల సందుల్లో చిన్న చిన్న నలుసుల్లా ఫలకికలు, మూడూ నాలుగూ కలిసి. మడ్డి లేదు. ఒక్క గింజ లేదు. అంత చక్కగా తేలిన స్లయిడు నేను ఈ మధ్య చూడలేదు.

నా కన్ను మైక్రోస్కోపు మీంచి లేచి చెత్తడబ్బా మీద పడింది. పిచ్చుక పారేసిన దూదులు. అన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి.

బేసిన్లో నురగ, మోచేతి మీద నలుపు, సాయంత్రం కాకుండానే మంచమెక్కడం, ముట్టని టిఫిన్, అన్నీ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. ఇవన్నీ ఎవరైనా కిటికీ అవతల నిలబడి చెప్తే నేను ఆ మనిషిని కూర్చోబెట్టి ముందు వాళ్ళ రక్తం తీసేదాన్ని. మా ఇంట్లో మనిషి కాబట్టి ఎగతాళి చేశాను.

పూసి పక్కన పెట్టిన రెండో స్లయిడు బల్ల మీద అలాగే ఉంది. దానికి రంగు వేశాను. కడిగాను. ఈసారి చివర కాదు, పూత నడిమి భాగం, కణాలు పల్చగా పరుచుకునే చోట చూశాను.

అక్కడా అవే. పెద్దపెద్ద కణాలు, గింజలతో నిండిపోయి. ఆ గింజలు కణం మీద పడ్డవి కావు, కణం లోపలివి. కొన్నిటిలో సన్నటి ఎర్రటి పుల్లలు, సూదులు కట్టగట్టినట్టు. మూలుగలో ఇంకా పెరగాల్సిన పసికణాలు, పెరగకుండానే రక్తంలోకి వచ్చేశాయి. ఇవి కాపలావాళ్ళు కారు. వీటికి కాపలా కాయడం రాదు. మూలుగంతా ఇవే ఆక్రమించుకుని మిగతావాళ్ళని పుట్టనివ్వవు. ఫలకికల కోసం స్లయిడు జరిపాను. ఇంకా జరిపాను. పైకి, కిందికి, పక్కకి. ఒక్కటి కూడా దొరకలేదు.

ఊళ్ళోవాళ్ళ రక్తంలో ఇలాంటివి కనిపిస్తే నేను స్లయిడు మీద ఒక గుర్తు పెట్టి, డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోతాను. పాపం అనుకుంటాను, టీ చల్లారకముందే మర్చిపోతాను. ఆ రోజు మాత్రం ఆ స్లయిడు చేత్తోనే పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళాను.

మా డాక్టరమ్మ మాటలు తక్కువ మనిషి. చాలాసేపు చూసి, "ఎవరిది?" అంది.

"మా ఆడపడుచుది మేడమ్."

ఆమె మైక్రోస్కోపు మీంచి తలెత్తి నన్ను చూసింది. "కూర్చో."

"కూర్చోను. చెప్పండి."

"రక్త క్యాన్సరే. నేననుకుంటున్న రకమే అయితే దీనికి మంచి మందుంది. చాలామంది బాగవుతారు. కానీ మందు పని చేసేలోపే నెత్తురు కారిపోయి పోయినవాళ్ళని చూశాను. ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా ఆగదు. ఇవాళే, ఇప్పుడే పడుకోబెట్టాలి. నేను పైన మంచం చూస్తాను, నువ్వు తీసుకురా. మెట్లూ గిట్లూ జాగ్రత్త. ఎక్కడుంది ఆ అమ్మాయి?"

"బళ్ళో. అక్కణ్ణించి పళ్ళ..." అప్పుడు గుర్తొచ్చింది. "పన్ను పీకించుకోవడానికి వెళ్తుంది మేడమ్. క్లాసవగానే."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "వెళ్ళు," అంది. అంతే.

పిచ్చుకకి ఫోను చేశాను. క్లాసులో ఉంటే ఆపేసి ఉంచుతుంది, మహా క్రమశిక్షణ దానికి. పళ్ళ డాక్టరు నంబరు నా దగ్గర లేదు. మా ఆయనకి చేశాను. గ్యారేజీలో సుత్తి మోతల మధ్య, "ఏంటి, ఈసారి ఎవరితో?" అన్నాడు నవ్వుతూ.

"ఏవండీ, మీరు ఉన్నపళంగా పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి గుమ్మంలో కూర్చోండి. నేను బడికి పోతున్నా. ఒకవేళ నేను అందుకోలేకపోయి అది అక్కడికొస్తే, దాన్ని నోరు తెరవనివ్వకండి."

"దాన్ని నోరు తెరవకుండా ఆపడం నా వల్ల అయ్యే పనేనా?"

నేను తిట్టలేదు. నవ్వలేదు. అవతల సుత్తి మోత ఆగిపోయింది.

"వెళ్తున్నా," అన్నాడు. ఎందుకని అడగలేదు.

తెల్లకోటు విప్పకుండానే వీధిలో పడ్డాను. నాలాంటి భారీ మనిషి పరిగెత్తడం జనానికి తమాషా. ఇస్త్రీ కొట్టాయన పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే చూస్తున్నాడు. తాళంచెవుల కొట్టు దగ్గర ఒకావిడ "ఏమైందమ్మా?" అని కూడా అడిగింది. ఏమని చెప్పను? దారంతా మాటలు కూర్చుకున్నాను. ఏం లేదే, డాక్టరమ్మ ఒకసారి చూస్తానంది, రొటీన్ చెకప్ అట. ఏం లేదే, మా ల్యాబ్‌లో కొత్త మెషీను వచ్చింది, నీ రక్తంతో మొదలుపెడతారట. అబద్ధాలాడటం నాకు చేతకాదు. మొహం మీద కొట్టినట్టు మాట్లాడటమే వచ్చు. ఏడుపు తన్నుకొస్తోంది, దాన్నీ తిట్టుకుంటూ పరిగెత్తాను.

క్లాసు గది వరండా చివర ఉంది. వాళ్ళ నవ్వులు మెట్ల దగ్గరికే వినపడ్డాయి. ఇంకా క్లాసులోనే ఉంది. గుమ్మం పక్క గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాను.

బోర్డు మీద పెద్ద గాజుగొట్టం బొమ్మ. పైన సగానికి మించి పసుపు సుద్ద. కింద ఎర్ర సుద్ద. రెండిటి మధ్యా సన్నగా ఒకే ఒక్క తెల్లగీత.

"రక్తం గడ్డ కట్టకుండా మందు కలిపి గొట్టంలో పోసి కదపకుండా పెడితే ఇలా విడిపోతుంది," అంటోంది పిచ్చుక. "కాపలావాళ్ళూ అతుకులవాళ్ళూ అందరూ కలిసి ఈ గీతంతే ఉంటారు. ఇంత కొంచెం మందీ మొత్తం ఒంటిని కాపాడతారన్నమాట."

దాని రక్తం పోస్తే ఆ గీత గీయడానికి సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దాలి. నేను కళ్ళు మూసుకున్నాను.

పిల్లలు వరసగా వచ్చి మైక్రోస్కోపులో చూసి వెళ్తున్నారు. ఒకమ్మాయి పుస్తకం చేత్తో పట్టుకుని, "టీచర్, బొమ్మలో తెల్లకణం ఒక్కటే ఉంది. మీకేంటి టీచర్, ఇన్ని ఉన్నాయి?" అంది.

"మీతో వేగాలంటే ఆ మాత్రం సైన్యం ఉండద్దూ?"

గదంతా గొల్లుమంది. అదీ నవ్వింది. నవ్వుతూ పక్కకి తిరిగి గుమ్మంలో నన్ను చూసింది.

"అదిగో, మా వదిన వచ్చింది! ఈ స్లయిడు చేసిచ్చింది ఆవిడే. చప్పట్లు కొట్టండి."

పిల్లలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా జన్మలో నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కోటు అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను. కొట్టడం ఆపండర్రా అని అరవాలనిపించింది.

మైక్రోస్కోపు దగ్గర కళ్ళజోడు పిల్ల ఒకతి వంగి, తల ఎత్తకుండా చూస్తోంది. "టీచర్, నాకు అతుకులవాళ్ళు కనపడట్లేదు."

"వెతుకమ్మా. సన్నగా ఉంటారు, నలుసుల్లాగా. పక్కకి జరిపి చూడు," అని చెప్పి పిచ్చుక గుమ్మం దగ్గరికొచ్చింది. దాని వేలికి నేనిచ్చిన దూది ఇంకా చుట్టే ఉంది. ఎర్రగా ఉంది.

"ఏంటి వదినా, పని మానుకుని వచ్చావు? రంగు మడ్డిగా ఉందని వెనక్కి తీసుకుపోడానికా? ఎవరూ కనిపెట్టలేదులే."

దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"రంగు బాగానే ఉందే," అన్నాను.

అది నవ్వబోయి ఆగింది. నా మొహం చూసింది. నా తెల్లకోటు చూసింది. అదేం చదువురాని పిల్ల కాదు. ఆ పాఠం నాకంటే బాగా చెప్పగలదు.

"మరి మడ్డి?"

"మడ్డి లేదు. నా రక్తం వేసి చూశాను. శుభ్రంగా ఉంది."

దాని చూపు వేలి మీది దూది మీదికి, మోచేతి మీది నలుపు మీదికి వెళ్ళింది. నేను దాని రెండు చేతులూ పట్టుకున్నాను. గట్టిగా పట్టుకుంటే ఎక్కడ కమిలిపోతుందోనని వెంటనే వదులు చేశాను.

"పన్ను తీయించకూడదు," అన్నాను గబగబా. "మందుందట. మంచి మందట. డాక్టరమ్మ స్వయంగా మంచం చూస్తోంది. ఇవాళే మొదలుపెట్టాలి. ఇప్పుడే. నేనున్నానే. వినపడుతోందా? నేను నిన్ను వదిలిపెట్టి ఎక్కడికీ పోను."

"అన్నయ్యకి తెలుసా?"

"పళ్ళ డాక్టరు గుమ్మంలో కూర్చోబెట్టాను. నువ్వొస్తే నోరు తెరవనివ్వొద్దని మాత్రం చెప్పాను."

అప్పుడు నవ్వింది. చిగుళ్ళ అంచుల్లో ఎర్రగా కనిపించింది. నవ్వు మధ్యలో కళ్ళు నిండాయి. తిట్టనైనా తిట్టు వదినా అన్నట్టు నా వైపు చూసింది, నాకు ఒక్క తిట్టు కూడా నోటికి రాలేదు.

"టీచర్!" అని లోపల్నుంచి పిలిచింది కళ్ళజోడు పిల్ల. "మొత్తం వెతికాను టీచర్. ఒక్కళ్ళు కూడా లేరు."

పిచ్చుక కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది. బెంచీల అంచులు తగలకుండా, ఒక్కో అడుగూ చూసుకుంటూ నడిచింది. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది.

"కరెక్టే అమ్మా," అంది. "బాగా చూశావు. ఇక చాల్లే."